తొట్టిలోంచి వచ్చిన గొంతు

చోంబా పోయాడు. కిట్వే ఊళ్ళో మినీబస్సుల షెడ్డులో బండి కింద పడుకుని పనిచేస్తుంటే జాకీ జారింది, బండి మీద పడింది, ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. పోయినవారం మనం కథ ఆపేసరికి అతని భార్య నకజ్వేను ముందు గదిలో పరుపు మీద కూర్చోబెట్టి, నెత్తిమీంచి చిటెంగె గుడ్డ కప్పేశారు. "పాతిపెట్టేదాకా ఇక్కణ్ణుంచి లేవకు. ఎవరితోనూ మాట్లాడకు. ఏడవడం ఒక్కటే నీ పని," అని చెప్పింది ఆడపడుచు బనా కబ్వే. సోఫాలు, బల్లలు, టీవీ అన్నీ పెరట్లోకి వెళ్ళిపోయాయి. గదిలో మిగిలినవి చాపలు, వాటి నిండా ఆడవాళ్ళు, గోడవారగా ఎవరివల్లా కదలని ఆ పెద్ద గాజుతొట్టి.

తొట్టికి కూడా గుడ్డ కప్పారు. చావింట్లో అద్దం కనిపించకూడదు, యంత్రం చప్పుడు వినిపించకూడదు. అందుకని బనా కబ్వే ఇల్లంతా తిరిగి ఫ్రిజ్జుదీ, రేడియోదీ, తొట్టిదీ ప్లగ్గులన్నీ పీకేసింది. ఆమెకు ఏ పనైనా సగంలో ఆపడం చేతకాదు.

కానీ తొట్టిలో బుడగలు ఆగలేదు. ఏడుపుల మధ్య ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. నకజ్వేకు మాత్రం తెలుసు. తొట్టి కింద చెక్క అరలో చోంబా చేసిన పెట్టె ఒకటుంది. కరెంటు పోతే అది పాత బస్సు బ్యాటరీని అందుకుని గాలి పంపును నడిపిస్తుంది. ఈ ఊళ్ళో కరెంటు ఉండే గంటలకన్నా లేని గంటలే ఎక్కువ కాబట్టి, ఇంటి మొత్తం మీద ఎక్కువ కష్టపడేది ఆ పెట్టే. చేపలకు మేత వేయడానికి చక్కెర డబ్బాతో మరో యంత్రం, నీళ్ళు తగ్గితే నింపడానికి తేలే బంతి ఒకటి. "నువ్వు పుట్టింటికెళ్ళినా నీ సంతానం పస్తుండదు లేవే," అని నవ్వేవాడు. ప్లగ్గు పీకినా పెట్టెకు అది కరెంటు కోతలాగే అనిపించింది. నమ్మకమైన నౌకరులా నిన్నటినుంచీ తన పని తాను చేసుకుపోతోంది.

ఇప్పుడు బుడగల చప్పుడు మారింది. ఎడతెగకుండా వచ్చేది ఆగి ఆగి వస్తోంది. గుడ్డకింద నకజ్వే చెవులు రిక్కించింది. బ్యాటరీ అడుగంటుతోంది.

చేపలు చచ్చిపోతాయన్నది ఒక భయం. టాంగన్యీకా సరస్సు ఒడ్డున మ్పులుంగులో పుట్టి పెరిగిన నకజ్వే, పెళ్ళయి వస్తూ తెచ్చుకున్న చేపల పిల్లలవి, వాటి పిల్లలవి. ఒంటిమీద నీలం చారలు, నుదుటి మీద బుడిపె. గుడ్లు పెట్టాక తల్లి వాటిని నోట్లోనే పొదుగుతుంది. పిల్లలు ఈదేదాకా తిండి తినదు, నోరు తెరవదు. ఇప్పుడు అలాంటి తల్లులు మూడో నాలుగో ఉన్నాయి లోపల. ఊపిరాడకపోతే అవి పిల్లల్ని ఉమ్మేస్తాయి, లేదా మింగేస్తాయి. నకజ్వేకు పిల్లల్లేరు. ఆ తొట్టే ఆమె ఇల్లు, వాకిలీ, పుట్టిల్లూనూ.

రెండో భయం అంతకన్నా పెద్దది. బ్యాటరీ అడుగంటితే పెట్టె మాట్లాడుతుంది.

మినీబస్సు వెనక్కి వచ్చేటప్పుడు "బండి వెనక్కి వస్తోంది, జాగ్రత్త" అని అరిచే మరబిళ్ళ ఉంటుంది కదా, చోంబా అలాంటిది ఒకటి ఊడబీకి, అందులో తన గొంతు పెట్టి తెచ్చాడు. "ఓ నకజ్వే! నిద్రపోయింది చాల్లే! లేచి నీళ్ళు చూడవే!" అని అరిచి, చివర్లో తన మామూలు నవ్వు. మొదటిసారి అది అరిచిన రోజు ఆమె చీపురు పట్టుకుని అతని వెంటపడింది, పక్కింటివాళ్ళు పగలబడి నవ్వారు.

ఇప్పుడు ఆ గొంతు ఈ గదిలో, ఇంతమంది ఏడుస్తున్న చోట పలికితే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఇప్పటికే ఆమె సరిగ్గా ఏడవడం లేదని వంటపొయ్యిల దగ్గర చెవులు కొరుక్కుంటున్నారు. నోరు విప్పి చెబితే "మొగుడు పోతే చేపల మీద ధ్యాసా?" అంటారు. చెప్పకపోతే ఇంకా ఘోరమైన మాటే అంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అయినా పొద్దుటినుంచీ చెప్పే అవకాశం ఒకటి రెండుసార్లు రాకపోలేదు. నకజ్వే చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆమెకు తెలుసు. ఆ గొంతు ఇంకొక్కసారి వినాలని ఉంది. ఈ లోకంలో ఆ గొంతు మిగిలింది ఆ పెట్టెలోనే.

అక్టోబరు ఎండకు రేకుల కప్పు పెనంలా కాలుతోంది. ఎడమపక్క ఒక పెద్దావిడ, కుడిపక్క ఒక పెద్దావిడ ఆమెకు కాపలా. చెమట కళ్ళలోకి దిగుతున్నా తుడుచుకోవడానికి చెయ్యెత్తాలంటే ఎవరో ఒకరు చూస్తారు.

అప్పుడు గుమ్మంలో నవ్వు వినిపించింది. చావింట్లో నవ్వే హక్కు ఒక్కరికే ఉంటుంది. ఎస్నాత్ అవ్వ వచ్చింది.

చోంబాది మొసలి వంశం. ఎస్నాత్ అవ్వది చేప వంశం. మొసలి చేపను తింటుంది కాబట్టి ఆ రెండు వంశాలకీ తాతల నాటినుంచి మేలమాడే చుట్టరికం. మొసలింట్లో చావైతే చేపవాళ్ళొచ్చి వెక్కిరించాలి, కొంటెపనులు చెయ్యాలి, సొంతవాళ్ళు చేతులు పెట్టకూడని పనులన్నీ చేసిపెట్టాలి. వాళ్ళమీద కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే పరువు పోతుంది. ఎస్నాత్ అవ్వ పోయినవాడి టోపీ తానే పెట్టుకుని, నడుముకు అతని టై చుట్టుకుని లోపలికొచ్చింది.

"ఏమర్రా మొసళ్ళూ! ఏడవండి, ఏడవండి! మొసలి కన్నీళ్ళంటారే, ఇవేనా? బకెట్టు తెమ్మంటారా?" అంది. "నా బాకీ తీర్చకుండా పోయాడు వెధవ! నా మూగ రేడియో బాగుచేస్తానని పట్టుకెళ్ళి మూడు వానాకాలాలైంది. ఇప్పుడు దాన్ని పైకి పట్టుకుపోయి దేవుడికి పాటలు వినిపిస్తాడు కాబోలు!"

ఏడ్చి ఏడ్చి అలిసిన ఆడవాళ్ళు ముక్కులు తుడుచుకుంటూ నవ్వారు. అవ్వ పరుపు దగ్గరకొచ్చి నకజ్వే ముందు గొంతుక్కూర్చుని గుడ్డ అంచు ఎత్తి చూసింది. ఇంతకన్నా మంచి సమయం రాదు.

"అవ్వా," అంది నకజ్వే పెదాలు కదపకుండా. "తొట్టి ప్లగ్గు. పెట్టెయ్యవ్వా. నీ కాళ్ళు మొక్కుతా."

"ఏంటే? ఏ ముగ్గు?" అంది అవ్వ గట్టిగా.

గుమ్మంలో నిలబడ్డ బనా కబ్వే చరాలున తిరిగింది. "ఏం గొణుగుతున్నావే అక్కడ? నోరు విప్పద్దని చెప్పానా లేదా?"

సరిగ్గా అప్పుడే తొట్టిలో బుడగలు ఆగిపోయాయి. గుడ్డకింద కటుక్కుమంది.

"ఓ నకజ్వే! నిద్రపోయింది చాల్లే! లేచి నీళ్ళు చూడవే!"

ఆ తర్వాత నవ్వు. చోంబా నవ్వు.

గదిలో అరుపు లేచింది. ఒకామె కిటికీలోంచి దూకబోయి ఊచలకు తల కొట్టుకుంది. గుమ్మం ఒక్కటే, వెళ్ళేవాళ్ళు అందరూ. ఎవరి చెప్పులు ఎవరి కాళ్ళలో ఉన్నాయో తెలియకుండా పెరట్లో పడ్డారు. బయట అంబలి గరిటెలు తిప్పేవాళ్ళు గరిటెలు అక్కడే వదిలేశారు. నకజ్వే కదల్లేదు. గుడ్డకింద ఆమె ఏడుస్తోంది. రెండు రోజులుగా రాని ఏడుపు ఇప్పుడొచ్చింది, అదుపులేకుండా వచ్చింది. పాపం, చూడవలసినవాళ్ళు ఒక్కరూ అక్కడ లేరు.

అందరూ పారిపోయినా పారిపోనిది ఎస్నాత్ అవ్వ ఒక్కతే. ఆమె తొట్టి మీద గుడ్డ లాగేసి, చేపల వంక కాసేపు చూసి, వేలాడుతున్న తీగ పట్టుకుంది. "ఇదేనా నువ్వన్న ముగ్గు? సరిగ్గా చెప్పొద్దుటే? చేపలు నా చుట్టాలే పిచ్చిదానా! మొసళ్ళింట్లో నా చుట్టాల్ని చావనిస్తానా!" అని ప్లగ్గు గోడలో గుచ్చింది. ఎర్ర దీపం వెలిగింది. పంపు మళ్ళీ ఊపిరి తీసుకుంది.

మగవాళ్ళు లోపలికొచ్చేసరికి ముందున్నది లోంబే మామ. చోంబాకు మేనమామ, ఇంటికి పెద్ద. ఆయన వెనకే తలగుడ్డ జారిపోయిన బనా కబ్వే.

"చూశావా మామా? నే చెప్తూనే ఉన్నాను! ఎందుకు ఏడవదో ఇప్పుడర్థమైందా? వాడు పోలేదు దీనికి! వాణ్ణి గాజుతొట్టిలో బంధించి పెట్టుకుంది! సరస్సు ఒడ్డువాళ్ళు ఇలాంటివే నేర్చుకుంటారు. ఆ చేపలు నోట్లో ఏం దాచుకుంటాయనుకున్నావ్? ప్రాణాలు!"

"పిల్లల్ని దాచుకుంటాయి వదినా," అంది నకజ్వే.

విధవ మాట్లాడింది. లోంబే మామ చెయ్యెత్తి బనా కబ్వేను ఆపాడు. "మాట్లాడనే మాట్లాడింది. ఇక చెప్పనీ."

నకజ్వే చెప్పింది. పోయినేడు తల్లికి బాగాలేదంటే తను మ్పులుంగు వెళ్ళినప్పుడు తొట్టిలో చేపలు చాలామటుకు వెల్లకిలా తేలి చచ్చిపోవడం, అందరూ కరెంటు కోతే కారణమనుకోవడం, ఆ తర్వాత చోంబా రాత్రింబవళ్ళు కూర్చుని ఈ పెట్టె చెయ్యడం, బస్సు మరబిళ్ళలో గొంతు పెట్టడం. "మంత్రం లేదు మామా. అది ఆయన చేసిన యంత్రం. అంతే."

"అయితే ఇంకోసారి పలికించు," అన్నాడు లోంబే మామ. "మీట ఏది?"

"మీట లేదు. మీట పెడితే నేను ఊరికే నొక్కి నవ్వుకుంటానని పెట్టలేదాయన."

"మరెప్పుడు పలుకుతుంది?"

"కరెంటు తీసేస్తే. బ్యాటరీ అయిపోతే. చేపలకు ఊపిరి ఆగిపోయేటప్పుడు."

లోంబే మామ చెడ్డవాడు కాదు. కానీ పెరట్లో యాభైమంది నిలబడి లోపలికి చూస్తున్నారు, శవం ఆసుపత్రినుంచి బయల్దేరిందని కబురొచ్చింది. ఆయన గొంతు తగ్గించి అన్నాడు: "అమ్మా, నేను నమ్మితే చాలదు. వాళ్ళు నమ్మాలి. దయ్యం పలికిన ఇంట్లోకి శవపెట్టె తెమ్మంటే మోసేవాళ్ళు రారు. వాణ్ణి అటునుంచి అటే శ్మశానానికి తీసుకుపోతారు. నిన్ను ఆ దరిదాపులకు రానివ్వరు. ఇప్పుడు పలికిందా, అందరూ వింటారు, యంత్రమని ఒప్పుకుంటారు. వాడు ఇంటికొస్తాడు. నువ్వు మొహం చూసుకుంటావు."

చేపలా, మొగుడి ఆఖరి చూపా? ఏ తల్లికీ ఏ పెళ్ళానికీ పెట్టకూడని బేరం అది. నకజ్వే గుడ్డ అంచు ఎత్తి తొట్టివైపు చూసింది. మూలనున్న రాయి కింద ఒక తల్లి చేప బుగ్గలు ఉబ్బించుకుని, కదలకుండా, నోరు బిగించుకుని ఉంది. నువ్వూ నేనూ ఒకటేనే, అనుకుంది.

"తియ్యండి," అంది.

"నేను తీస్తాను. ఎవరూ గారడీ చెయ్యకుండా నా చేతిలోనే ఉంటుంది," అంది బనా కబ్వే. ప్లగ్గు పీకి గుప్పిట్లో పట్టుకుంది. ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, అక్కడే ఒకరి వెనక ఒకరు నక్కి నిలబడ్డారు.

అప్పుడే ప్లగ్గు పెట్టి తీశారు కాబట్టి బ్యాటరీలో బలం లేదు. బుడగలు చిన్నవయ్యాయి. ఇంకా చిన్నవయ్యాయి. ఎండకు నీళ్ళు వెచ్చబడి ఉన్నాయి. వెచ్చని నీళ్ళలో గాలి నిలవదు. చేపలు ఒక్కొక్కటే పైకి వచ్చి నీటి అంచున నోళ్ళు తెరవసాగాయి. తల్లులు మాత్రం తెరవలేదు. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి.

"చాలు లోంబే," అంది ఎస్నాత్ అవ్వ. ఆమె గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు. "నా చుట్టాలు చస్తున్నారు."

"పలకలేదుగా," అంది బనా కబ్వే.

నకజ్వే గోళ్ళు పరుపులో దిగబడ్డాయి. పలుకు, అనుకుంది. ఒక్కసారి పలుకు. నన్ను తిట్టు, పర్లేదు.

కటుక్కుమంది.

"అక్కా," అంది చోంబా గొంతు.

నకజ్వే ఉలిక్కిపడింది. ఈ మాటలు ఆమె ఎప్పుడూ వినలేదు. మొదటి పిలుపుకే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి బ్యాటరీ మళ్ళీ నిండేదాకా కనిపెట్టుకుని ఉండేది కాబట్టి, అది నిండకముందే మళ్ళీ అడుగంటితే పలికే రెండో పిలుపు ఒకటి పెట్టెలో ఉందని ఆమెకు తెలిసే అవకాశమే రాలేదు.

"అక్కా, నువ్వే కదా? నకజ్వే ఇంట్లో ఉంటే ఈపాటికి వచ్చేది. అది ఊరెళ్ళినప్పుడు నువ్వు ప్లగ్గు తీస్తావని నాకు తెలుసు. పోయినేడు చేపలు కరెంటు లేక చావలేదని కూడా తెలుసు. దానికి చెప్పలేదు. చెప్పను. నువ్వు మా మంచికే చేశావనుకో, కానీ తప్పక్కా. పెట్టెయ్. పెట్టేసి, వెళ్ళి టీ తాగు."

ఈసారి చివర నవ్వు లేదు. బుడగ ఒకటి పైకొచ్చి పగిలింది. పంపు ఆగింది. గుమ్మంలో ఒక్కరూ పారిపోలేదు. దయ్యాలు అక్కలను టీ తాగమని చెప్పవని అందరికీ తెలుసు.

బనా కబ్వే చేతిలో ప్లగ్గు వంక చూసుకుంది. అది అక్కడికి ఎలా వచ్చిందో తెలియనట్టు చూసుకుంది. "వాటి నోళ్ళు మూసుకున్నన్నాళ్ళూ దీని కడుపు తెరుచుకోదని చెప్పారు నాకు," అంది. ఎవరికి చెబుతోందో తెలియదు. "తమ్ముడింట్లో ఉయ్యాల చూడాలనుకున్నా. అంతే మామా. అంతకన్నా ఏం లేదు."

నకజ్వేకు ఒళ్ళు మండింది. ఏడాదిగా ఆ చావులకు తన ప్రయాణమే కారణమని తనను తాను తిట్టుకుంటూనే ఉంది. తల్లి మంచం దగ్గర కూర్చుని కూడా చేపల కోసం ఏడ్చింది. తను తిరిగొచ్చిన రోజు ఈవిడ వీపు నిమిరి ఓదార్చింది కూడాను. అనవలసిన మాటలు గొంతుదాకా వచ్చాయి. కానీ తొట్టిలో ఒక చిన్న చేప పక్కకు వాలిపోతోంది.

"ముందు పెట్టండి వదినా! తర్వాత ఏడుద్దురుగాని!"

బనా కబ్వే పరుగెత్తి ప్లగ్గు గోడలో గుచ్చింది. ఎర్ర దీపం వెలగలేదు. తీసి మళ్ళీ గుచ్చింది. వెలగలేదు. పక్కింట్లో మోగుతున్న రేడియో కూడా మూగబోయిందని అప్పుడు తెలిసింది అందరికీ. సాయంత్రం పోవలసిన కరెంటు ఈ రోజు ముందే పోయింది. ఇక గోడలో లేదు, బ్యాటరీలో లేదు. ఉన్న కాస్తా సాక్ష్యం చెప్పడానికే ఖర్చయిపోయింది.

నకజ్వే లేచి నిలబడింది.

నెత్తిమీది గుడ్డ జారి కిందపడింది. "కూర్చోవే!" అని ఎవరో అన్నారు. ఆమె వినలేదు. ఎస్నాత్ అవ్వ నెత్తిమీది టోపీ పక్కన పారేసి, నీళ్ళ కుండ మీది చెంబు అందించింది. నకజ్వే తొట్టిలో చెంబు ముంచి, చెయ్యి ఎంత ఎత్తగలిగితే అంత ఎత్తి, పైనుంచి నీళ్ళు పోసింది. నీళ్ళు నురగలు కక్కాయి. మళ్ళీ ముంచింది, మళ్ళీ పోసింది. యంత్రాలు రాకముందు గాలిని నీళ్ళలో కలిపింది చేతులే. పక్కకు వాలిన చేప రెక్కలు కదిపింది. మూల రాయి కింద తల్లి ఇంకా నోరు తెరవలేదు.

గేటు దగ్గర బండి హారన్ మోగింది. వెంటనే ఆడవాళ్ళ ఏడుపులు ఒక్కసారిగా లేచాయి. చోంబా వచ్చాడు.

"కూర్చో తల్లీ," అన్నాడు లోంబే మామ, బతిమాలుతున్నట్టు. "వాడు లోపలికొచ్చేసరికి నువ్వు పరుపు మీద ఉండాలి. లేకపోతే నువ్వు వాడి పెళ్ళానివి కావంటారు. ఇంతా చేసి అదంతా బూడిదలో పోసినట్టవుతుంది."

నకజ్వే చెంబు ఆపలేదు. మోచేతులదాకా తడి, మొహం నిండా కన్నీళ్ళు. "నే ఆపితే ఇవి చస్తాయి మామా. ఆయన్ని గుమ్మంలో కాస్త ఆపండి. నాకోసం ఎప్పుడూ ఆగేవాడే. ఇవాళా ఆగుతాడు."

గుమ్మంలో శవం ఆగితే ఆ ఇంట్లోంచి ఇంకొకరిని తోడు పట్టుకెళ్తుందంటారు. ఆపమని చెప్పే అధికారం మేనమామకు లేదు, పెళ్ళానికి అంతకన్నా లేదు. తోడబుట్టిన అక్కకే ఉంది. లోంబే మామ బనా కబ్వే వైపు తిరిగాడు. శవపెట్టె మోస్తున్నవాళ్ళ అడుగులు మెట్ల మీదికి వచ్చేశాయి. గోడలో గుచ్చిన ప్లగ్గు ఇంకా వదలకుండా, బనా కబ్వే గుమ్మంవైపు చూసి నోరు తెరిచింది.